బోనులో మోటారు కారు

అమెరికా సుప్రీంకోర్టు 1965లో తీర్పు చెప్పిన ఒక కేసు పేరు "ఒక 1958 ప్లిమత్ సెడాన్ వర్సెస్ పెన్సిల్వేనియా". ఇందులో అచ్చుతప్పేమీ లేదు. కోర్టుకెక్కిన కక్షిదారు నిజంగానే ఒక మోటారు కారు. ఎదురుపక్షం ఒక రాష్ట్ర ప్రభుత్వం. కారు వెనకభాగం బరువుకు కిందికి దిగి ఉన్నదని మద్యం శాఖ అధికారులకు అనుమానం కలిగింది. ఆపారు, వారంటు లేకుండా సోదా చేశారు, పన్ను ముద్రలు లేని మద్యం పెట్టెలు 31 పట్టుకున్నారు. కారును ప్రభుత్వానికి జప్తు చెయ్యాలన్నారు. ఆ కారు వెల సుమారు 1000 డాలర్లు. అదే నేరానికి మనిషి మీద కేసు నడిపితే వెయ్యగల అత్యధిక జుల్మానా 500 డాలర్లు. మనిషి కన్న కారుకే పెద్ద శిక్ష పడిందన్నమాట.

ఆ కేసులో కారే గెలిచింది. అక్రమంగా చేసిన సోదాలో దొరికిన సాక్ష్యం మనిషి మీద ఎలా చెల్లదో, జప్తు కేసులో కూడా అలాగే చెల్లదని కోర్టు చెప్పింది. ఈ జప్తు పైకి సివిలు వ్యవహారమైనా దాని స్వభావం శిక్షేనని ఒప్పుకుంది. అక్కడితో ఆ కథ అయిపోయి ఉంటే ఈ వ్యాసానికి పనిలేకపోను.

న్యాయశాస్త్రం నా విషయం కాదు. నేను సాహిత్యం చదువుకున్నవాణ్ణి. కాని నేరంతో ముడిపడ్డ ఆస్తిని ప్రభుత్వం లాక్కున్నప్పుడు జనం కోర్టులకెక్కిన కేసుల తీర్పులు వరసగా చదువుతూపోతే, ఇది మన విమర్శకు కూడా తగిన విషయమేననిపించింది. ఎందుకంటే ఈ చట్టాన్ని నడిపిస్తున్నది ఒక అలంకారం. ప్రాణం లేని వస్తువుకు ప్రాణం పోసి, దాని చేత నేరం చేయించి, దాన్నే బోనెక్కించటం. కాళిదాసు కూడా యక్షుడి చేత మేఘంతో మాట్లాడించాడు. కాని వెంటనే ఆయనకే మొహమాటం వేసి, విరహంలో ఉన్నవాడికి చేతనాచేతన భేదం తెలియదని సమాధానం చెప్పుకున్నాడు. జడ్జీలకు విరహం లేదు గదా. వాళ్ళు వస్తువులతో ఎందుకు మాట్లాడుతున్నారో మనం వేరే చోట వెతకాలి.

ఇంగ్లండులో పూర్వం "డియోడాండ్" అనే ఆచారం ఉండేది. దేవుడికి అర్పించవలసినది అని దాని అర్థం. బండిచక్రం కింద పడి మనిషి చస్తే ఆ బండి, ఎద్దు పొడిచి చస్తే ఆ ఎద్దు, లేదా దాని వెల, రాజుకు చెందేది. పుణ్యకార్యాలకు వాడతారని పేరు. చచ్చినవాడి పెళ్ళాం బిడ్డలకు దమ్మిడీ అందేది కాదు. వందల ఏళ్ళు ఇది నడిచింది. ఎవరికీ పెద్ద అభ్యంతరం కలగలేదు, ఎందుకంటే పోయేది రైతు ఎద్దూ, బండీ.

తరవాత రైళ్ళు వచ్చాయి. 1841 డిసెంబరు 24న గ్రేట్ వెస్టర్న్ రైల్వే బండి ఒకటి సోనింగ్ దగ్గర, రైలుదారి కోసం కొండ తొలిచిన చోట, విరిగిపడ్డ మట్టిలోకి దూసుకుపోయింది. చనిపోయినవాళ్ళు మూడో తరగతి ప్రయాణికులు. పార్లమెంటు భవనాల పనిలో ఉండి పండగకు ఇళ్ళకు వెళుతున్న రాతిపనివాళ్ళు వాళ్ళలో ఎక్కువమంది. విచారణ జరిపిన జ్యూరీ ఇంజనునూ, బండినీ దోషులుగా ఎంచి 1000 పౌన్లు డియోడాండ్ విధించింది. జ్యూరీలో కూచున్న సామాన్యులు ముసలి చట్టాన్ని కొత్త యజమాని మీదికి తిప్పారన్నమాట. ఇలాంటి నిర్ణయాలు ఇంకా వచ్చాయి. 1846లో పార్లమెంటు డియోడాండ్‌ను రద్దు చేసేసింది. ఎద్దు నేరం చెయ్యగలిగినన్నాళ్ళూ బతికిన అలంకారం, ఇంజను నేరం చెయ్యటం మొదలుపెట్టగానే అనాగరికమైపోయింది! అదే ఏడు చచ్చినవాడి కుటుంబం నష్టపరిహారానికి దావా వేసుకునే హక్కు ఇస్తూ మరో చట్టం తెచ్చారు. రెంటినీ నడిపించినవాడు లార్డ్ కాంప్‌బెల్. ఈ రెండోది నిజమైన అభివృద్ధే. దాన్ని కాదనటం న్యాయం కాదు. కాని మొదటిది ఎవరి అవసరానికి జరిగిందో కూడా మరవకూడదు.

ఇంగ్లండులో డియోడాండ్ పోయింది. వస్తువే దోషి అనే ఊహ మాత్రం అంతకుముందే ఓడరేవుల చట్టాల వెంట సముద్రం దాటి అమెరికా చేరింది. 1827లో "పామైరా" అనే ఓడ కేసులో న్యాయమూర్తి స్టోరీ, ఇక్కడ నేరస్థుడి స్థానంలో ఉన్నది వస్తువేననీ, యజమానికి శిక్ష పడనక్కరలేదనీ తీర్మానించాడు. దీనికి అప్పట్లో ఒక లౌకిక కారణం ఉంది. ఓడ రేవులో ఉంది, యజమాని ఏ స్పెయిన్‌లోనో ఉన్నాడు. సుంకం ఎగవేసినా, సముద్రపు దోపిడీ చేసినా చేతికి దొరికేది ఓడ ఒక్కటే. అందుకని ఓడనే ముద్దాయిని చేశారు. అందాకా అర్థం చేసుకోవచ్చు. కాని డెట్రాయిట్‌లో కారు పోగొట్టుకున్న ఆడమనిషి ఏ సముద్రానికి ఆవల ఉంది?

ఆ డెట్రాయిట్ కేసు సంగతి కాస్త వివరంగా చెప్పాలి. 1988లో ఒక మొగవాడు తమ కారులో వేశ్యతో ఉండగా పోలీసులు పట్టుకున్నారు. కారు 1977 నాటి పాంటియాక్, నెల క్రితం 600 డాలర్లకు కొన్న పాతబండి. భార్యాభర్తలిద్దరి పేరా ఉంది. భర్తకు 250 డాలర్లు జుల్మానా వేశారు. కారును ప్రజలకు ఉపద్రవం కలిగించే వస్తువని చెప్పి జప్తు చేశారు. భార్య కోర్టుకెక్కింది. నా మొగుడు చేసిన పని నాకు తెలియదు, నా సగభాగం నాకిప్పించండి అన్నది. 1996లో అమెరికా సుప్రీంకోర్టు నలుగురిపై అయిదుగురి మెజారిటీతో కాదు పొమ్మన్నది. ప్రధాన న్యాయమూర్తి రెన్‌క్విస్ట్ రాసిన ఆ తీర్పు చాలా పొందికగా ఉంటుంది. 1827 ఓడను చూపిస్తాడు, 1921లో అరువుకు అమ్మిన టాక్సీ కారును చూపిస్తాడు, 1974లో అద్దెకిచ్చిన విహారనౌకను చూపిస్తాడు. ఇంతకాలంగా ఇలాగే చేస్తున్నాం కాబట్టి ఇప్పుడు మానేది లేదంటాడు. ఎక్కడా ఆ భార్య ఏం తప్పు చేసిందో చెప్పడు. చెప్పనక్కరలేదు కూడా, తప్పు చేసింది కారు! ఆమెకు జరిగిన అన్యాయాన్ని సూటిగా చూసినవాడు అసమ్మతి తీర్పు రాసిన న్యాయమూర్తి స్టీవెన్స్.

ఆ 1974 నౌక తీర్పు గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. అద్దెకు తీసుకున్నవాడి దగ్గర గంజాయి దొరికిందని దాదాపు ఇరవైవేల డాలర్ల నౌకను, దాని యజమానులైన కంపెనీకి ముందు కబురైనా చెయ్యకుండా ప్యూర్టోరికో అధికారులు పట్టుకుపోయారు. అది చెల్లుతుందని రాసినవాడు బ్రెనన్. పౌరహక్కుల విషయంలో ఉదారవాదులందరూ తలుచుకునే న్యాయమూర్తి! డియోడాండ్ చరిత్రంతా ఏకరువు పెట్టింది ఆ తీర్పులోనే. అక్కడ దొరికింది ఒకే ఒక్క గంజాయి సిగరెట్టని అసమ్మతి తెలిపిన డగ్లస్ గుర్తుచేశాడు. ఉదారవాది మనసు మంచిదే కావచ్చు, వాడిన అలంకారం తన పని తాను చేసుకుపోతుంది. ఆ తీర్పే ఇరవైరెండేళ్ళ తరవాత కంపెనీ కాని ఒక ఇల్లాలి కారు మీదికి వచ్చింది.

ఇక డబ్బు సంగతి. 1984లో అమెరికా ప్రభుత్వం చట్టం మార్చి, జప్తయిన సొమ్ముకు ప్రత్యేక నిధి పెట్టింది. జప్తులో పాల్గొన్న స్థానిక పోలీసులకు వాటా ఇచ్చే ఏర్పాటు చేసింది. పట్టుకున్నవాడికే పట్టుకున్నదానిలో వాటా అయినప్పుడు అలంకారానికి పొట్ట కూడా వచ్చిందన్నమాట.

ఇక్కడ నాకు మార్క్సు మొదటిరోజుల వ్యాసాలు గుర్తుకొచ్చాయి. 1842లో ఆయన "రైనిష్ జైటుంగ్" పత్రికలో, అడవిలో రాలిన పుల్లలు ఏరుకోవటాన్ని దొంగతనంగా చేసే చట్టం మీద రైన్‌లాండ్ సభలో జరిగిన చర్చను విమర్శించాడు. పుల్లలేరుకున్న బీదవాడి మీద వేసే జుల్మానా ప్రభుత్వానికి కాక అడవి యజమానికే పోయేట్టు సభ్యులు ఏర్పాటు చేస్తుంటే, నేరం యజమానికి ఆదాయమార్గమవుతున్నదని ఆయన ఎత్తి చూపాడు. కట్టెకు విగ్రహ ప్రతిష్ఠ చేసి మనుషుల్ని బలి ఇస్తున్నారన్నాడు. ఆర్థిక విషయాల వైపు తాను మొదట మళ్ళింది ఈ గొడవ వల్లనేనని తరవాత తానే చెప్పుకున్నాడు. వస్తువు మనిషిలా నడవటం, మనిషి వస్తువులా పడి ఉండటం "పెట్టుబడి"లో సిద్ధాంతమయ్యేందుకు పాతికేళ్ళు పట్టింది. దాని బీజం మాత్రం ఈ కట్టెపుల్లల కేసులో ఉంది.

ఈ సంగతులు కొందరు విద్యార్థి మిత్రులకు చెప్పినప్పుడు ఒకాయన సూటిగా అడిగాడు: "మాస్టారూ, మనం ఆస్తిహక్కుకు వకాల్తా పుచ్చుకోవటమేమిటి? నల్లడబ్బువాళ్ళ మేడలు జప్తు చేస్తుంటే మనకెందుకు ఏడుపు?" ఇది తోసిపుచ్చదగిన ప్రశ్న కాదు. మన దేశంలో భూసంస్కరణలకు అడ్డుపడ్డవాళ్ళంతా ఆస్తిహక్కు పేరు మీదనే కోర్టుకెక్కారు. జమీందార్లు కోర్టులకు పోతే 1951లో రాజ్యాంగాన్నే మొదటిసారి సవరించవలసి వచ్చింది. 1967 గోలక్‌నాథ్ కేసులో పంజాబు భూస్వామి కుటుంబం తమ వందల ఎకరాల కోసం పోరాడి, ప్రాథమిక హక్కులను పార్లమెంటు ముట్టుకోకూడదనిపించుకుంది. 1978లో 44వ సవరణ ఆస్తిహక్కును ప్రాథమిక హక్కుల్లోంచి తీసేసినప్పుడు మనలో ఎవరూ కంటతడి పెట్టలేదు.

కాని ఆ భూస్వాములకు జరిగిన మర్యాద చూడండి. వాళ్ళ భూమి దోషి అని ఎవరూ అనలేదు. వాళ్ళు మనుషులుగా కోర్టులో నిలబడ్డారు, నోటీసులందుకున్నారు, పెద్ద ప్లీడర్లను పెట్టుకున్నారు. చివరకు భూమి పోయినా నష్టపరిహారం తీసుకున్నారు. అమెరికాలోనూ ఇదే వరస. 1993లో అక్కడి సుప్రీంకోర్టు, ఇల్లూ, స్థలమూ జప్తు చేసేముందు యజమానికి నోటీసిచ్చి అతడి మాట వినాలని చెప్పింది. ఇల్లు పారిపోదు కాబట్టి ఆగవచ్చునట. కారు పారిపోతుంది కాబట్టి ముందు పట్టుకోవాలట. తర్కం బాగానే ఉంది. కాని ఇల్లు లేనివాడికి ఉన్న ఏకైక ఆస్తి ఆ కారే అయినప్పుడు, ఆ తర్కం ఎవరి మీద పడుతున్నదో తెలుస్తూనే ఉంది. పైగా సివిలు వ్యవహారమన్నారు కాబట్టి మామూలుగా ప్రభుత్వ ఖర్చుతో ప్లీడరును ఇవ్వరు. 600 డాలర్ల కారు కోసం ఎవడు ప్లీడరుకు అంతకంత పోస్తాడు? నా మిత్రుడికి నేను చెప్పిన సమాధానం ఇదే. మన తగాదా ఆస్తి పవిత్రమా కాదా అన్నదాని మీద కాదు. ఎవరి ఆస్తి తీసుకునేటప్పుడు వాళ్ళను మనుషులుగా పిలిచి అడుగుతున్నారు, ఎవరి ఆస్తి తీసుకునేటప్పుడు వస్తువును పిలిచి ఊరుకుంటున్నారు అన్నదాని మీద.

నేరం వల్ల పండిన పంటకూ, నేరానికి వాడిన పనిముట్టుకూ తేడా ఉంది. దోచుకున్న సొమ్ము దొంగది కాదు. దాన్ని తిరిగి తీసుకోవటానికి ఏ అలంకారమూ అక్కరలేదు. మన దేశంలో 1976లో దొంగరవాణాదారుల ఆస్తుల మీద వచ్చిన చట్టం ఈ పంటను వెతికే చట్టమే. 1994లో తొమ్మిదిమంది జడ్జీల బెంచి దాన్ని నిలబెట్టింది. తీర్పు రాసినవారు తెలుగువారే, న్యాయమూర్తి బి.పి. జీవన్ రెడ్డి. బంధువుల పేర దాచిన ఆస్తిని కూడా పట్టవచ్చునని ఆయన చెప్పారు. అయితే ఆ ఆస్తి దొంగరవాణాదారుడి నుంచి వచ్చినదై ఉండాలనీ, బంధువు అయినంత మాత్రాన వాడి సొంత ఆస్తి పోదనీ గిరి గీశారు. రుజువు భారం ఆస్తి ఉన్నవాడి మీద పెట్టటం నాకు నచ్చదు గాని, వస్తువు దగ్గర ఆగిపోకుండా మనిషికీ సొమ్ముకీ గల సంబంధాన్ని అడిగిన తీర్పు ఇది.

2002 నాటి మనీలాండరింగ్ నిరోధక చట్టం దగ్గరికి వచ్చేసరికి ఆ గిరి పలచబడింది. నేరం వల్ల వచ్చిన ఆస్తి అన్నచోట "దానికి సమానమైన విలువ గల ఆస్తి" అని కూడా చేర్చారు. పంట దొరక్కపోతే అంత విలువకు ఇంకో పొలం పట్టుకోవచ్చునన్నమాట. ముద్దాయి కానివాడి దగ్గర ఉన్న ఆస్తిని కూడా 180 రోజులదాకా తాత్కాలికంగా బంధించవచ్చు. రెండువందలకు పైగా పిటిషన్లు పడ్డాక 2022 జులై 27న సుప్రీంకోర్టు చట్టాన్ని నిలబెట్టింది. రెండు మంచిమాటలు చెప్పింది: అసలు నేరంలో నిర్దోషి అని తేలితే ఈ కేసూ నిలవదు, జప్తు ఉత్తరువు కాకముందే ఇల్లు ఖాళీ చేయించటం అసాధారణ సందర్భాల్లోనే జరగాలి. కాని ముద్దాయే తన శుద్ధి నిరూపించుకోవాలన్న నిబంధన అలాగే ఉండిపోయింది. నెల తిరక్కుండానే, ఆగస్టు 25న, అప్పటి ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ బెంచి ఈ అంశం ఒకటీ, కేసు నివేదిక ప్రతిని ముద్దాయికి ఇవ్వనక్కరలేదన్న అంశం ఒకటీ మళ్ళీ చూడదగినవని నోటీసిచ్చింది.

మన ఆంధ్ర అడవుల్లోనూ ఈ అలంకారం తిరుగుతూనే ఉంది. 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టాన్ని 1976లో సవరించి, అడవిసొత్తుతో పట్టుబడ్డ బండిని జప్తు చేసే అధికారం అటవీ అధికారికే ఇచ్చారు. క్రిమినల్ కేసు ఒకదారి, జప్తు ఇంకోదారి అని 1985లో సుప్రీంకోర్టు చెప్పింది. తన ఎరుక లేకుండా జరిగిందనీ, తగిన జాగ్రత్తలు తీసుకున్నాననీ యజమాని రుజువు చేసుకుంటే బండి విడిచిపెడతారు. ఈ వెసులుబాటు డెట్రాయిట్ ఇల్లాలికి లేదు. కాబట్టి మన చట్టం ఒక మెట్టు పైనే ఉందనాలి. కాని పట్టుకున్న శాఖకు చెందిన అధికారే తీర్పరి కూడా కావటం ఎంత సబబో పాఠకులే ఆలోచించాలి.

రావిశాస్త్రి గారు విశాఖపట్నంలో ప్లీడరు. "ఆరు సారా కథలు"లో ఆయన మద్యనిషేధ చట్టం ఎవరికి తిండిపెట్టిందో, ఎవరి తిండి తీసిందో చూపించారు. ఆ కథల్లో చట్టం క్రూరమైనదే, కాని అందులో నలిగేది మనిషి. వాడికి పేరుంది, యాస ఉంది, దొంగసాక్ష్యం చెప్పటానికైనా నోరుంది. ఈ అమెరికా తీర్పులు చదువుతుంటే అంత మాత్రపు మనిషి కూడా కనిపించడు. మన కథకులెవరూ ఇంకా రాయని కథ ఇది: బోనులో కారు, కోర్టు వరండాలో దాని యజమాని.

మన దగ్గర వస్తువును బోనెక్కించే ఓపిక కూడా లేనివాళ్ళు బుల్‌డోజర్లు తెచ్చారు. ఒకడి మీద నేరం మోపగానే వాడి ఇల్లు కూల్చటం జప్తు కాదు, అంతకన్న నాటుపని. 2024 నవంబరు 13న న్యాయమూర్తులు గవాయ్, విశ్వనాథన్ దీని మీద తీర్పు చెబుతూ, నేర నిర్ణయం అధికారుల పని కాదన్నారు. ఒకడి మీద ఆరోపణకు ఇంటిల్లిపాదినీ వీధిన పడెయ్యటం రాజ్యాంగ విరుద్ధమన్నారు. కూల్చేముందు పదిహేను రోజుల నోటీసు తప్పదన్నారు. ఇంట్లో తల్లి ఉన్నది, పిల్లలున్నారు అని చెప్పటానికి ఒక దేశపు అత్యున్నత న్యాయస్థానం కావలసివచ్చింది. ఎందుకంటే అందాకా ఆ ఇల్లే నిందితుడు!

అమెరికా కోర్టులు ఏమీ చెయ్యలేదనటం సరికాదు. 1993లో దక్షిణ డకోటాలో రెండు గ్రాముల కొకెయిన్ అమ్మిన ఒకడి ఇల్లూ, షాపూ జప్తు చెయ్యబోతే, ఇటువంటి జప్తు కూడా శిక్షే కాబట్టి మితిమీరిన జుల్మానాలు కూడదన్న రాజ్యాంగ నిబంధన దీనికీ వర్తిస్తుందన్నారు. 1998లో, పన్ను ఎగవేసిన డబ్బు కాకపోయినా చెప్పకుండా దేశం దాటిస్తున్నాడని ఒకడి దగ్గర 3,57,144 డాలర్లు మొత్తం లాక్కోవటం నేరానికి ఏమాత్రం తగినది కాదన్నారు. 2000లో పార్లమెంటు ఫెడరల్ జప్తుల్లో రుజువు భారం ప్రభుత్వం మీదికి మార్చింది. 2019లో న్యాయమూర్తి గిన్స్‌బర్గ్, ఆ మితిమీరిన జుల్మానా నిబంధన రాష్ట్రాలకూ వర్తిస్తుందని రాసింది. ఆ కేసులో వస్తువు ఇండియానాలో ఒక లాండ్ రోవర్. తండ్రి పోయాక వచ్చిన బీమా డబ్బుతో 42,000 డాలర్లకు కొన్నది. ముద్దాయికి పడగల అత్యధిక జుల్మానా 10,000. 2013లో పట్టుకున్న ఆ బండి 2020లో గాని అతడి చేతికి రాలేదు. సుప్రీంకోర్టులో గెలిచినవాడి పని ఇది!

చివరిగా 2024 మే 9 నాటి తీర్పు. అలబామాలో ఒక తల్లి తన కారును చదువుకునే కొడుక్కి ఇచ్చింది. వాడి దగ్గర గంజాయి దొరికింది, కారు పోయింది. కేసు తేలేలోగా కారు అట్టిపెట్టుకునే అధికారం పోలీసులకుందో లేదో తేల్చటానికి ముందుగా ఒకసారి మా మాట వినాలని ఆమె అడిగింది. అక్కర్లేదు, అసలు విచారణ సకాలంలో జరిగితే చాలునని ముగ్గురిపై ఆరుగురు అన్నారు. తీర్పు రాసింది కావనా. సోటోమయోర్ అసమ్మతిలో బీదవాళ్ళ బాధ ఉంది. నన్ను ఆలోచింపజేసింది మాత్రం మెజారిటీతో వోటు వేస్తూనే గోర్సచ్ విడిగా రాసిన అభిప్రాయం. మనవాడు కాదు, మితవాది. ఓడల కాలపు సూత్రాన్ని ఈనాటి పోలీసుల ఆదాయ మార్గాలకు అతికించవచ్చునా అని గట్టిగా అనుమానించింది ఆయన. మన మిత్రులు ఆ పేజీలు చదవాలి, ఎవరు రాశారన్నది పక్కన పెట్టి.

ఆ తల్లి కారు 2015 మోడలు నిస్సాన్. ఆమెకు నేరంతో సంబంధం లేదని అలబామా కోర్టు ఒప్పుకుని ఇప్పించేటప్పటికి ఇరవై నెలలు గడిచాయి. సుప్రీంకోర్టు దాకా పోయిన ఈ కేసు పేరులో కారు లేదు. దావా వేసింది ఆమే కాబట్టి ఆమె పేరే ఉంది.